లోపలి బద్దె

హార్లన్ మామయ్య తోలుపని కొట్లో ఒక గోడ నిండా చెడిపోయిన పనులే వేలాడుతుంటాయి. ఎవరు చెడగొడితే వాళ్ళ పేరు దాని కింద సుద్దతో రాస్తాడు. అందులో మూడు తుపాకీ ఒరలు నావి. మొదటిదానికి తోలు తిరగేసి కోశాను, అది ఎడమచేతి ఒర అయి కూర్చుంది. రెండోది తడి ఆరకముందే పొయ్యి పక్కన పెడితే పగిలిపోయింది. మూడోసారి రివాల్వర్‌ను తోలు మీద పడుకోబెట్టి చుట్టూ గీత గీసి, ఆ గీత మీదే కుట్టేశాను. తుపాకీకి మందం కూడా ఉంటుందని తట్టలేదు. దూరలేదు.

కొట్టుకొచ్చే పశువుల కాపరులు దాన్ని నా పేరు పెట్టి ఒపల్ గోడ అని పిలవడం మొదలుపెట్టారు. నాకు జవాబు చెప్పడం రాదు. బళ్ళో పాఠం అప్పజెప్పమన్నా నోరు పెగలదు. తల వంచుకుని దారానికి మైనం రాసుకునేదాన్ని.

నాలుగోది ఆ కాపరుల్లోనే ఒకడైన డెల్బర్ట్‌కి. అదీ చెడితే కుట్టుబల్ల దగ్గర నాకు చోటు లేదని, ఇక కొట్టు ఊడ్చుకోవడమేనని మామయ్య ముందే చెప్పేశాడు.

పదకొండు రోజులు పట్టింది. ఈసారి చోటు వదిలి గీశాను. తడి తోలును బొటనవేళ్ళతో తుపాకీ చుట్టూ నొక్కి నీడలో ఆరబెట్టాను. వయోమింగ్ అంతటా దూడలకు ముద్రలు వేసే రోజులు. డెల్బర్ట్ తొందర మీద వచ్చాడు. మామయ్య తూటాలు తీసి, తుపాకీని ఒరలో పెట్టి, తలకిందులు చేసి మూడుసార్లు విదిలించాడు. పడలేదు. డెల్బర్ట్ లాగితే ఒక్క ఊపులో వచ్చింది.

"ఆడపిల్ల పనికి ఇది చాల్లే," అన్నాడు.

కానీ లాగినప్పుడు గీరుకున్న చప్పుడు విన్నాను. ఒర లోపల చూశాను. గొట్టం చివర గురి చూసే ముక్కు తగిలి రెండు కుట్లు అప్పుడే రేగాయి. అది కుట్లకు తగలకుండా రెండు తోలు అంచుల మధ్య కుట్టు వెంబడి సన్నని తోలు బద్దె పెట్టాలి. అంచు నాజూగ్గా ఉంటుందని మానేశాను.

మెల్లగా మామయ్యకు చూపించాను. చలికాలం దాకా ఆగుతుందని, తెగినప్పుడు కుట్టిద్దామని గొణిగాడు. ఇప్పుడు కుట్టు విప్పితే మాత్రం చెడిపోయినట్టే లెక్క అన్నాడు.

డెల్బర్ట్ నవ్వాడు. "ఏం పిల్లా, గోడకి నాలుగో మేకు కొట్టాలా?"

కత్తి తీసుకుని ఒర మూతి నుంచి కొసదాకా కుట్టు కోసేశాను.

"హార్లన్, నీ మేనకోడలికి పిచ్చా? ఇప్పుడు దీన్ని నేనెక్కడ పెట్టుకోను?"

"శుక్రవారం దాకా సంచీలో పెట్టుకోండి," అన్నాను. అంతటితో ఆపలేదు. "గుర్రం పరుగులో కుట్టు తెగితే తుపాకీ ఎక్కడ పడిందో కూడా మీకు తెలీదు. ఆడపిల్ల పనికి చాలన్నారు కదా, నాకు చాలదు."

అతను తలుపు విసిరేసి వెళ్ళాడు. మర్నాడు పొద్దున వచ్చేసరికి నా స్టూలు మీద చీపురు ఉంది. దాన్ని మూలన పెట్టి, కూర్చుని బద్దె కోయడం మొదలుపెట్టాను.

"నేనేం చెప్పానో గుర్తుందా?" అన్నాడు మామయ్య.

"ఉంది మామయ్యా. శుక్రవారం లోపల నన్ను లేపాలంటే స్టూలుతో సహా మోసుకెళ్ళండి."

మూలనున్న చీపురు వైపు ఒకసారి చూశాడు. తర్వాత తన జీను పనికి తను వెళ్ళిపోయాడు.

శుక్రవారం డెల్బర్ట్ తనే ఒరను ఆరుసార్లు విదిలించాడు. పదిసార్లు లాగాడు. నేను దీపం అందించి లోపల చూసుకోమన్నాను. ఒక్క కుట్టూ రేగలేదు. మెచ్చుకోలేదు. బెల్టుకి తగిలించుకుంటూ, తమ్ముడికీ ఇలాంటిదే కావాలని మామయ్యతో అన్నాడు.

మామయ్య నా వైపు చూశాడు. నేను లేవలేదు.

"మీ తమ్ముడు కుడిచేతివాడా, ఎడమచేతివాడా?" అని డెల్బర్ట్‌ని అడిగాను.