ఖాళీగా వదిలిన గడి

ఉల్లిపాయలు తరుగుతుంటే ఫోను మోగింది. కళ్లు తుడుచుకుని చూసింది. ‘చొక్కాలు ఇస్త్రీ – అమ్మ.’ రాసినవాడు పక్క గదిలో కాళ్లు చాపుకుని కూర్చున్న మొగుడే. “నీ ప్రోగ్రాం బాగుందోయ్. ఇలా రాస్తే అలా అయిపోతోంది,” అన్నాడు నిన్న. మెచ్చుకున్నాననే అనుకున్నాడు పాపం.

ఈ తంటా అంతా ఆఫీసులో మొదలైంది. రిపేరు పనులు పంచే పాత ప్రోగ్రాంను కొత్త డేటాబేస్‌కి కలపాలన్నారు. ఆ డేటాబేస్ ఎక్కడో దూరాన సర్వర్లలో ఉంటుంది. ఒకచోట అక్షరం మారితే దాన్ని తగిలించుకున్న ప్రతి తెర మీదా ఆ క్షణమే మారుతుంది. మధ్యలో ఉండే లైబ్రరీ, అంటే ఎవరో ముందే రాసిపెట్టిన కోడు, అందులోని ఒక్కో వరసనూ ప్రోగ్రాంకి అర్థమయ్యే వస్తువుగా మార్చి ఇవ్వాలి. ఈ రెంటికీ పొత్తు కుదర్చడం ఆమె పని. “అతుకుల పనేగా, ఆవిడకిచ్చేయండి,” అన్నాడు మేనేజరు, ఆవిడ ఎదురుగానే. ఆఫీసు డేటాతో ప్రయోగాలెందుకని ముందు ఇంటి పనులతో పరీక్ష పెట్టుకుంది. మూడే గడులు: ఏం పని, ఎప్పటికి, ఎవరు చేస్తారు. మొగుడు, అత్తగారు, కూతురు, తను, నలుగురి ఫోన్లలోనూ పెట్టింది. పేర్లు పాప పిలిచేవే: తను ‘అమ్మ’, మొగుడు ‘నాన్న’. అత్తగారు సంబరపడిపోయింది. “ఇదివరకు గొంతు చించుకుని పిలవాల్సొచ్చేది అమ్మాయ్, ఇప్పుడా బాధ లేదు.” పిలిచేవాళ్ల బాధ తప్పింది. పలికేదాని బాధ రెండింతలైంది.

రెండు వారాలైంది కదా, ఎలా పనిచేస్తోందో చూద్దామని స్టవ్ తగ్గించి, భోజనాల బల్ల దగ్గరికొచ్చి లాప్‌టాప్ తెరిచింది. నూట ముప్పై ఒక్క పనులు. నూట ఇరవై నాలుగింటి పక్కన ‘అమ్మ’. బల్బు మార్చడం అమ్మ. పాప బూట్లకి పాలిష్ అమ్మ. అత్తగారి కళ్లజోడు వెతకడం అమ్మ. కోపం తెచ్చుకుందామనుకుంది గానీ ఓపిక లేకపోయింది. ఇంతమందీ ఇన్నిసార్లు పనిగట్టుకుని తననే ఎంచుకున్నారా అని వెనక్కి తిరగేసి చూసింది. ఎవరూ ఎంచుకోలేదు. ఒక్కసారి కూడా. ఆ గడి ఖాళీగా వదిలేశారంతే. ఖాళీ వస్తే లైబ్రరీ మొరాయిస్తోందని, మొదటి రోజు విసుగెత్తి తనే ఒక లైను రాసింది: పేరు లేకపోతే ‘అమ్మ’ అని వేసుకో. రాసిన సంగతే మర్చిపోయింది. పెళ్లయిన కొత్తలో కూడా ఇలాగే, ఎవరూ అడక్కుండానే, ‘నేను చూసుకుంటాలెండి’ అనడం గుర్తొచ్చింది. ఏడుపొచ్చింది. ఉల్లిపాయల మీదికి నెట్టేద్దామంటే అవి వంటింట్లో ఉండిపోయాయి.

ఆ లైను కొట్టేసింది. పేరు లేనిదే వరస ఎక్కకూడదనీ, ఆ పేరు ఎంచుకున్నదెవరో అందరికీ కనపడాలనీ రాసింది. రేపు ఆఫీసులోనూ ఇలాగే కలపాలనుకుంది.

“ఇదేంటి, తీసుకోవట్లేదు?” పక్క గదిలోంచి మొగుడు.

“ఎవరు చేస్తారో రాయాలండి.”

“ఇందాకటిదాకా అదే రాసుకునేది కదా.”

“అది కాదు. అలా వేసుకోమని నేనే రాసిపెట్టాను.”

పక్క గదిలో మళ్లీ టకటకా నొక్కిన చప్పుడు. తర్వాత నాలుగు ఫోన్లూ ఒక్కసారే మోగాయి. ‘ప్యాంట్లు ఇస్త్రీ – అమ్మ. ఎంచుకున్నది: నాన్న.’

అత్తగారు కళ్లజోడు సర్దుకుని చదివింది. “ఏరా, నీ ప్యాంట్లకి అమ్మాయి పేరు పెట్టింది నువ్వేనా?”

“ఊరికే నొక్కానమ్మా.”

“ఊరికే ఏంటి, నీ పేరు వేసుందిగా ఇక్కడ.”

అతను నవ్వబోయి మానేశాడు. ఆ పేరు మార్చాడో లేదో ఆమె చూడలేదు. స్టవ్ ఆపేసి, చేతులు కడుక్కుని, తడి వేళ్లతోనే ఫోనులో ఏదో రాసి, గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. బయట మూడు ఫోన్లు మోగాయి.

‘మధ్యాహ్నం నిద్ర, రెండు నుంచి నాలుగు – అమ్మ. ఎంచుకున్నది: అమ్మ.’