ప్లాస్టిక్ తొట్టి

బెటినా రేవులో పొద్దు వాలితే మగవాళ్లకు ఒకటే పని. గట్టు మీది రాతి అరుగెక్కి కూర్చుని, లోపలికి వచ్చే ప్రతి పడవకూ వంకలు పెట్టడం. ఎవరు తాడును నీళ్లపాలు చేశారు, ఎవరి పెళ్లాం ఎవరి మీద అరిచింది, ఎవరు గట్టును గుద్దారు, అన్నీ వాళ్లకు కావాలి. తాతల నాటి నుంచి కొయ్యపడవలు చెక్కిన ఊరు. ఫ్యాక్టరీలో అచ్చుపోసి ఒకదాని వెనక ఒకటిగా బయటికి తోసిన తెరచాప పడవ కంటపడితే చాలు, వాళ్లకు పూనకం వచ్చేది.

వింకా వాళ్లది అచ్చం అలాంటి పడవే. పేరు లస్తా. పర్యాటకులకు అద్దెకు తిప్పి తిప్పి కంపెనీ వదిలించుకుంటుంటే వింకా, ఆమె భర్త దుయే కలిసి కొనుక్కున్నారు. అరుగు మీద మాత్రం దాని పేరు లస్తా కాదు, ప్లాస్టిక్ తొట్టి.

ఆ మాటకు వింకా ఎప్పుడూ ఉడుక్కోలేదు. లస్తా లోపాలు ఆమెకు తెలిసినంతగా అరుగు మీద ఎవరికి తెలుసు? ఎదురు అలలు తగిలితే దాని ముక్కు నీళ్ల మీద దబదబా కొట్టుకుని పళ్లు కదిలిపోయేవి. గాలి పెరిగితే లోపలి అలమారలు ముసలి మంచంలా కిర్రుమనేవి. పొయ్యికి నెత్తిన పడవ కప్పులో ఉన్న అద్దపు మూత వాన పడితే కారేది. దాని కింద ఎర్ర బకెట్ పెట్టేదీ, నిండితే పారబోసేదీ ఆమే. బాగుచేస్తానని దుయే కిందటి ఈస్టర్ నుంచి అంటూనే ఉన్నాడు.

అయినా ఆ పడవంటే ఆమెకు ప్రాణం. ఏడాదంతా బడి వంటశాలలో గంగాళాల ముందు చెమటలు కక్కే మనిషి ఆమె. వేసవిలో లస్తా ఎక్కితే నిటారుగా నిలబడి చిన్న గిన్నెలో వండుకోవచ్చు, వండుతూ పైన కూర్చున్నవాళ్లతో కబుర్లాడవచ్చు. అత్తగారు లుత్సాకు మోకాళ్లు వంగవు. అలాంటిది గట్టు నుంచి బల్ల వేస్తే, వెడల్పాటి వెనుక భాగం మీదికి రాణిలా నడిచి ఎక్కేది. ఇల్లంతా పోట్లాడుకోకుండా ఒకచోట కూర్చునేది ఆ కొద్ది వారాలే.

చిక్కల్లా దుయేతోనే. రోజూ అరుగెక్కి కూర్చున్నాడేమో, వాళ్ల రోగం ఇతనికీ అంటుకుంది. ఇప్పుడు ఊరంతా బార్బా, అంటే పెద్దాయనా, అని పిలిచే ష్పీరో తన పడవ అమ్ముతానన్నాడు. లస్తా పక్కనే కట్టి ఉండే పాత కొయ్యపడవ, నెవేరా. నడుము పట్టేసి ఇక తెరచాప లాగలేనంటున్నాడు ముసలాయన. ఇటు లస్తాను కొనడానికి జాగ్రెబ్ నుంచి ఒక పళ్ల డాక్టరు సిద్ధంగా ఉన్నాడు.

"అది పడవ వింకా! అడుగున ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే దూలం. చచ్చినా తిరగబడదు" అన్నాడు దుయే, భోజనాల బల్ల దగ్గర చేతులు బార్లా చాపి.

"లోపల తల వంచకుండా నిలబడగలనా?"

"సముద్రంలో నిలబడేదెవరు? కూర్చుంటారు."

"కూర్చుని చేపలు వేయించమంటావా? వేడి నూనె ఒళ్లో పెట్టుకుని?"

"నువ్వెప్పుడూ వంటగది నుంచే ఆలోచిస్తావు. రేపు పెద్ద తుఫానొస్తే?"

"తుఫానొచ్చిన రోజు నెవేరానే మేలు, ఒప్పుకుంటా. కానీ తుఫాను రోజు నేనింట్లో ఉంటాను దుయే. ఇన్నేళ్లలో నువ్వూ ఇంట్లోనే ఉన్నావు, దుప్పటి కప్పుకుని."

దుయే మొహం మాడింది. రొట్టె ముక్కతో పళ్లెం తుడుస్తూ, "మర్యాదగల నావికుడెవడూ ఆ తొట్టిలో తిరగడు" అని గొణిగాడు.

వింకాకు ఒళ్లు మండిపోయింది. పడవ కొనేటప్పుడు నీటి మీద తేలే మేడ అన్న నోరే ఇది. అరిచి లాభం లేదని ఆమెకు తెలుసు. అరిస్తే అరుగు మీదికి పోయి మరింత బిగుసుకుంటాడు.

"సరే, తీసుకో. ఒక్క షరతు. చెయ్యి కలిపేముందు నెవేరాను వెనక్కి నడిపి గట్టుకు కట్టించు. అందరూ కట్టినట్టే. మీ అమ్మ బల్ల మీద నడిచి ఎక్కాలిగా."

"అదో పెద్ద పనా?" అన్నాడు దుయే.

ఆ రేవులో ప్రతి పడవా వెనక్కి వచ్చి, వీపు గట్టుకు ఆనించి నిలబడుతుంది. నెవేరా ఒక్కటే ముక్కుతో దూరేది. దారిన పోయేవాళ్లు తన గదిలోకి తొంగిచూడటం ఇష్టంలేదని బార్బా ష్పీరో చెప్పేవాడు. ఊరంతా సరేనని తలూపేది. దుయే కూడా తలూపినవాళ్లలోనే ఉన్నాడు. వింకాకు మాత్రం ఆ గదిలో అంతగా చూడదగ్గదేముందో ఏనాడూ అర్థం కాలేదు.

ఆదివారం మధ్యాహ్నం దుయే, ష్పీరో ఇద్దరూ నెవేరాలో బయటికి వెళ్లారు. ఒప్పందం కుదిరితే తాగడానికి వనమూలికల సారా సీసా ఒకటి వెంట పెట్టుకున్నారు. వింకా, లుత్సా లస్తా వెనుక భాగంలో కూర్చుని చిక్కుళ్లు వలుస్తున్నారు. తిరిగొచ్చేసరికి పక్కగాలి బాగా లేచింది. దుయే మొహం చూస్తేనే తెలిసిపోతోంది, మనసు పారేసుకున్నాడని. వింకా చిక్కుళ్ల గిన్నె పక్కన పెట్టింది.

"ఎలా నడుస్తుందనుకున్నావ్!" అని దూరం నుంచే అరిచాడు. "వెన్నలో కత్తి!"

"షరతు!" అని అరిచింది వింకా.

దుయే ముసలాయన చెవిలో ఏదో చెప్పాడు. ష్పీరో మొహం ఒక్క క్షణం వాడింది. అరుగు వైపు చూశాడు. అక్కడ అందరూ నోళ్లు మూసుకుని కూర్చున్నారు.

"బార్బా, ఇవాళ గాలి ఎక్కువుంది. మామూలుగానే రండి" అన్నాడు అరుగు మీద నుంచి ఒకడు.

అంతే. నలుగురిలో ఆ జాలి మాట పడ్డాక ష్పీరోకు వెనక్కి రాక తప్పలేదు.

నెవేరా వెనక్కి కదిలింది. చుక్కాని ఎటు తిప్పితే ఏం, పడవ తన ఇష్టమొచ్చినట్టు పోయింది. కుడికి రమ్మంటే ఎడమకు ఒరిగింది. ముక్కును గాలి పట్టుకుని తోసేసింది. ఇంజను పొగ కక్కింది. ఇప్పుడు అరుగు మీద అన్ని నోళ్లూ ఒకేసారి తెరుచుకున్నాయి.

"ముందుకు కొట్టు!"

"కాదు, ఆపెయ్!"

"తాడు విసరరా దుయే!"

దుయే తాడు వదిలేసి, రెండు పడవల మధ్య కాలు పెట్టి ఆ బరువైన కొయ్యను అడ్డుకోబోయాడు.

"కాలు తియ్యి, వెధవా! విరుగుతుంది!" అని లుత్సా కొడుకును గద్దించింది.

అతను కాలు తీశాడు. నెవేరా వీపు వచ్చి లస్తా వెనుక మూలను గుద్దింది. కుండ పగిలినట్టు చప్పుడైంది. చిక్కుళ్ల గిన్నె ఎగిరి సముద్రంలో పడింది. లస్తా మూలన అరచేతంత తెల్లటి పెచ్చు ఊడి వేలాడింది.

వింకా నుదురు కొట్టుకుంది. షరతు పెట్టింది తానే. దెబ్బ పడింది తన పడవకే.

ఎలాగోలా నెవేరాను తాళ్లతో లాగి కట్టాక, బార్బా ష్పీరో వంగలేని నడుముతోనే వంగి చూశాడు.

"చూశావా? నాదానికి గీత కూడా పడలా! అసలైన పడవంటే ఇదీ. నీది కోడిగుడ్డు పెంకు."

దుయే కంఠం నరాలు ఉబ్బాయి.

"గీత పడలేదా? నా పడవను పగలగొట్టి గీత గురించి చెప్తారా బార్బా? మీదానికి వెనక్కి రావడమే చేతకాదు!"

"వెనక్కెందుకురా రావాలి? పడవను ముందుకెళ్లడానికి కడతారు!"

"నా పడవ ఈ గాలికి ఒంటిచేత్తో వస్తుంది! మా అమ్మ కూడా కట్టేస్తుంది!"

"నన్నెందుకు లాగుతావురా మధ్యలో?" అంది లుత్సా. "ఇంతకీ ఆ సీసా తెరుస్తారా, నన్ను ఇంటికి తీసుకుపొమ్మంటారా?"

సీసా ఎవరూ తెరవలేదు. నెవేరాకు తగినవాడు ఈ ఊళ్లోనే లేడని, తను బతికున్నంతకాలం అమ్మనని ష్పీరో అరుగుకు వినబడేలా ప్రకటించాడు. తర్వాత అందరికీ వీపు తిప్పి, పడవ కొయ్యను అరచేత్తో మెల్లగా నిమరడం వింకా చూసింది. ఆయన అమ్మాలనుకున్నాడో, అమ్మలేనని ఎవరైనా చెబితే వినాలనుకున్నాడో ఆమెకు తేలలేదు.

దుయే అక్కడే నిలబడి పళ్ల డాక్టరుకు ఫోన్ చేశాడు. "అమ్మడం లేదండీ. లేదు. ఎంతిచ్చినా లేదు."

వింకాకు ఊపిరి తిరిగింది. కాని సంతోషించే తీరిక దొరికితేగా! సాయంత్రానికల్లా దుయే అరుగెక్కాడు. అచ్చులో పోసిన పడవంటే లోకువా? తేలిక కాబట్టే చిన్న గాలికి కదులుతుంది. వెడల్పు కాబట్టే ఇంటిల్లిపాదీ పడతారు. రెండు చుక్కానులున్న పడవ ఈ రేవులో ఇంకెవరికుందో చూపించండి. వింకా ఇంట్లో మొత్తుకున్న ముక్కలే అన్నీ, ఇప్పుడే తన బుర్రలో పుట్టినట్టు చేతులు తిప్పుతూ చెబుతున్నాడు. వంటగది సంగతి కూడా వదల్లేదు.

"నిలబడి వండుకోవచ్చయ్యా! మీ ఇళ్లలో అడిగి చూడండి!"

గట్టు మీద మొదటి చినుకు పడింది. వింకా లోపలికి వెళ్లి ఎర్ర బకెట్, సందులు పూడ్చే జిగురు ట్యూబు తెచ్చి, నలుగురి మధ్యా అతని ఒళ్లో పెట్టింది.

"ఇప్పుడా? వానలోనా?" అన్నాడు దుయే.

"నీ పడవేగా" అంది వింకా. "కారేది కూడా నీదే. లే."