ముగ్గులో కుళాయి

నలభై మందికి టీ కాచాలంటే మా ఇంట్లో గిన్నె చాలదు. పక్కింటి కస్తూరమ్మ పిన్ని దగ్గర పెళ్లిళ్ల గిన్నె అడిగి తెచ్చి పొయ్యి మీద పెట్టి అల్లం దంచుతుంటే, గోడ అవతల క్లబ్బు గదిలోంచి మా ఆయన పోలరాజు గొంతు వినిపించింది. "ఆడోళ్ల కష్టం మాకు తెల్దా? తెల్సుగాబట్టే గదా ఈ మీటింగు!" చప్పట్లు కొట్టారు. నేను పాలు పొంగిపోకుండా మంట తగ్గించాను.

బిర్సానగర్‌లో మా వీధికి కొత్త కుళాయి వస్తోంది. అది ఎక్కడ పెట్టాలో తేల్చడానికి పెట్టిన మీటింగది. హిందీ మాట్లాడే ఈ ఊళ్లో, మా వీధిలో ఇరవై ఆరు తెలుగు ఇళ్లు. అన్ని ఇళ్లలోనూ నీళ్లు మోసేది ఆడవాళ్లమే. ఆ మధ్యాహ్నం ఆ ఆడవాళ్లం మా వంటింట్లో ఉన్నాం. ఒకరు ఉప్మా కలుపుతున్నారు, ఒకరు గ్లాసులు కడుగుతున్నారు. మీటింగు మా గురించే కాబట్టి మర్యాదలు మేమే చూసుకోవాలి అనుకున్నాం. అందులో తప్పుందని మాలో ఒక్కరికీ తోచలేదు.

తోచింది బిందుప్రియకే. ఇదే ఊళ్లో సిద్ధగోరా పేట పిల్ల, మన తెలుగు పిల్లే. విదేశాల డబ్బుతో బస్తీల్లో నీళ్ల పనులు చేయించే ఒక సంస్థలో ఉద్యోగం. చంకలో రిజిస్టరుతో వంటింటి గుమ్మంలోకొచ్చి నిలబడింది.

"అక్కా, ఆడ నలభై మందీ మొగోళ్లే. ఆడోళ్లందరూ ఈడున్నారేటి?"

"టీ ఇచ్చేసి వత్తాంలేమ్మా."

"టీ అయ్యేసరికి మీటింగూ అయిపోద్దక్కా."

నవ్వుతూనే అని, పీట వాల్చుకుని కూర్చుని, రిజిస్టరులో ఆ రోజు సంతకాల పేజీకి అడ్డంగా గీత కొట్టింది. రిజిస్టరు వెతుక్కుంటూ మా ఆయన పరుగున వచ్చారు.

"ఏటమ్మా ఇది? సంతకాలైపోనాయి. క్లబ్బు పక్కన పెడదామని అందరం ఒప్పుకున్నాం. బస్, ఖతం."

"నీళ్లు మోసేవోళ్లు ఒప్పుకోనేదు గదా బావా. శనివారం చోటు ఖాయం సెయ్యడానికి నీళ్ల ఆఫీసరుగారొచ్చేలోగా ఆళ్లతో మాటాడాలి. ఈ మీటింగు అయినట్టు కాదు."

గొంతు పెంచలేదు. బావా అనడం మానలేదు. అంత మెత్తగా అంత గట్టి మాట చెప్పవచ్చని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆ సాయంత్రం ఆయన కంచం ముందు కూర్చుని, "నిన్నగాక మొన్నటి పిల్ల నా ముందు గీత కొట్టీసింది. నువ్వేటైనా నూరిపోసావేటి?" అన్నారు. మా అత్తగారు నూకమ్మ అందుకున్నారు. "దేశాలోళ్ల మనిషంటే ఏటో తెత్తాదనుకున్నాను. సేతులూపుకుంటా వచ్చింది. ఏటి తెచ్చావే అంటే, అడగడానికొచ్చాను మామ్మా అంటాది!"

అత్తగారి మాటలో అబద్ధం లేదు. మూడేళ్ల కిందట వేరేవాళ్లు ఎవరో వచ్చి ఇంటింటికీ నీళ్ల ఫిల్టరు ఇచ్చారు. కార్లు ఆగగానే హారతి పళ్లెంతో ఎదురెళ్లింది నేనే. దణ్ణం పెట్టమంటే పెట్టాం, ఫోటో తీసుకున్నారు. ఫిల్టరులో పోయడానికి నీళ్లున్నాయా అని ఎవరూ అడగలేదు. ఇప్పుడు అందులో బియ్యం పోసుకుంటున్నాం.

మీటింగు రోజు వెళ్తూ వెళ్తూ బిందుప్రియ అడిగిన ప్రశ్న ఇంకా చిత్రమైనది. "అక్కా, మీకు తీరికెప్పుడు?" పెళ్లయి పదిహేడేళ్లయింది. ఆ ప్రశ్న నన్ను అడిగినవారు లేరు. నా రోజంతా వేళ్ల మీద లెక్కేశాను. చివరికి, "పొద్దున్న అయిదున్నరకి, బోరింగు కాడ లైన్లో" అన్నాను. మర్నాడు అయిదున్నరకి స్కూటీ ఆపి, నా రెండో బకెట్ పట్టుకుని లైన్లో నిలబడింది. నాలుగు రోజులు అలాగే వచ్చింది. మా పని ఆపించి మాట్లాడించలేదు, మా పనిలోకి వచ్చి మాట్లాడింది.

ఆ లైన్లోనే మా హాసిని సంగతి చెప్పాను. ఎనిమిదో క్లాసు. నాకు నడుం నొప్పి మొదలైనప్పటినుంచి మూడో ట్రిప్పు దానిదే. బడికి వెళ్లేసరికి మొదటి పీరియడ్ అయిపోతుంది. "మమ్మీ, మ్యాథ్స్ ఫిర్ ఛూట్ గయా" అని హిందీలోనే అంటుంది, మళ్లీ లెక్కల క్లాసు పోయిందని. కుళాయి క్లబ్బు పక్కన పెడితే ఆ ఇబ్బంది తీరదు. పొద్దున్నుంచీ అక్కడ అరుగుమీద పేకాట సాగుతూ ఉంటుంది. వంగి బకెట్ నింపుకునే ఆడపిల్లని చూసే చూపులు ఎలా ఉంటాయో, ఒకసారి అక్కడ నీళ్ల ట్యాంకరు ఆగినప్పుడు హాసిని చూసింది. ఖాళీ బకెట్‌తో వెనక్కి వచ్చేసింది. కొత్త కుళాయి వచ్చినా అది బోరింగు దగ్గరికే వెళ్తుంది, లెక్కల క్లాసు పోతూనే ఉంటుంది. కస్తూరమ్మ పిన్ని గోడ పక్కన, వీధి లోపల పెడితే పది నిమిషాల పని. ఈ మాట మా ఆడవాళ్లందరికీ తెలుసు. ఎవరితోనూ అనలేదు, అంతే.

"మరైతే శనివారం చెప్పండక్కా. అది మీ హక్కు" అంది బిందుప్రియ.

నాకు ఆ మాట దగ్గరే భయం. నేను దేవుణ్ణి నమ్ముకున్న మనిషిని. రోజూ పైడితల్లమ్మ పటం ముందు నిలబడి, దయ చూడు తల్లీ అనడమే నాకు వచ్చిన భాష. "హక్కంటే పొగరనుకోరేటమ్మా?" అన్నాను.

"అమ్మోరి కాడ వేడుకోక్కా, నానూ వేడుకుంటాను. ఆఫీసరుగారు అమ్మోరు కాదు గదా. మీకు నీళ్లియ్యడం ఆయన పని."

ఆ రోజు దీపం పెడుతున్నా ఆ మాటే మనసులో తిరిగింది. అమ్మవారికి చెందాల్సిన దణ్ణం నేను ఎందరికి పంచిపెట్టాను? మా ఆయనకి, ఆయన స్నేహితులకి, ఫిల్టరు ఇచ్చినవాళ్లకి. అది భక్తి ఎలా అవుతుంది?

అలా అని నేనూ ఊరుకోలేదు. "ఇన్ని అడుగుతావు గదా, నీ టిఫిను డబ్బా ఎవరు కడతారు?" అన్నాను. ఆ పిల్ల మొహం ఎర్రబడింది. "మా అమ్మ" అంది. రెండు రోజుల తరవాత డబ్బా తెరిచి, వంకరగా మాడిన చపాతీలు చూపించి, "నానే సేసానక్కా, నవ్వకు" అంది. నాకు నవ్వు రాలేదు. గౌరవం కలిగింది. అడిగేవాళ్లని చాలామందిని చూశాను. తనని అడిగితే మారినవాళ్లని చూడలేదు.

గురువారం మా వాకిట్లో వీధి బొమ్మ గీయమంది. పెన్ను నాకు అలవాటు లేదు. ముగ్గు తీసుకున్నాను. ఇరవై ఆరు ఇళ్లు, కాలవ, క్లబ్బు, బోరింగు అన్నీ వేశాను. హాసిని నడిచే దారి పసుపుతో గీశాను. అత్తగారు మంచం మీంచి లేచి వచ్చి, చిటికెడు ముగ్గు తీసుకుని, బోరింగు దారి మధ్యలో ఒక చుక్క పెట్టారు.

"ఈడ జారిపడ్డాను. ఆరోనెల. పోలరాజు కంటే ముందు గుంటడు పోనాడు." చెయ్యి దులుపుకున్నారు. "ఇన్నాళ్లూ ఎవులడిగారు సెప్పడానికి?"

ఆవిడ ఇంక చేతులూపుకుంటూ వచ్చిన పిల్ల అని అనలేదు.

శనివారం పొద్దున్న మా ఆయన, "ఆఫీసరుగారికి హారతి పళ్లెం రెడీ చేసుకో. ఎమ్మట చాయ్" అని చెప్పి క్లబ్బుకి వెళ్లిపోయారు. హారతి వెలిగించాను. అమ్మవారికి ఇచ్చి, కళ్లకద్దుకుని, పళ్లెం పటం ముందే ఉంచేశాను. ముగ్గు డబ్బా, పసుపు, కుంకుమ తీసుకుని క్లబ్బు గదికి వెళ్లాను. బోరింగు లైన్లో అనుకున్నట్టే ఆడవాళ్లందరూ ముందే వెళ్లి ముందు వరసల్లో కూర్చున్నారు. మా అత్తగారు కుర్చీలో. నేను గుమ్మం ముందు వంగి మొత్తం వీధి వేశాను. అత్తగారి చుక్కతో సహా. పిన్ని గోడ పక్కన కుళాయి ఉండాల్సిన చోట కుంకుమ బొట్టు పెట్టాను.

ఆఫీసరుగారు జీపు దిగి వచ్చి, గుమ్మం ముందు ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆపారు. ముగ్గు ఎవరు తొక్కుతారు? "యే క్యా హై?" అన్నారు. లోపల నలభై మంది మగవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

మా ఆయన గోడవారగా వచ్చి నా చెవిలో, "రజనీ, ఏటే ఇది? ఆడోళ్లందరూ ఈడ కూకుంటే చాయ్ ఎవులు పెడతారు?" అన్నారు.

"టీపొడి రెండో అరలో ఉంది. పాలు పొంగిపోతాయి, పొయ్యి కాడే నిలబడండి" అని చెప్పి, ఆఫీసరుగారి వైపు తిరిగి, కుంకుమ బొట్టు మీద వేలు పెట్టాను.