ప్రిన్సిపాల్ చేతి లడ్డు

"ఆ రెండు చొక్కాలు కూడా ఉతికి ఆరెయ్యవే. నువ్వెట్లాగూ బయటనే ఉన్నవు గద!"

వంటింటి కిటికీలోంచి అత్తగారు ఆండాళమ్మ విసిరిన చొక్కాలు వచ్చి ఉతికే బండ మీద పడ్డాయి. సంహిత ఒకదాని జేబు తడిమింది. రుమాలు. భర్త చీదిన రుమాలు. ఇంకా తడిగానే ఉంది. దాన్ని పుల్లతో ఎత్తి కాగే నీళ్లలో వేసి, చేతులు మోచేతుల దాకా సబ్బుతో రుద్దుకుంది.

ఆ ఇంట్లో 'బయట ఉండటం' అంటే నెలసరి. ఆ రోజుల్లో సంహిత పెరట్లోని రేకుల గదిలో పడుకోవాలి. వేరే కంచంలో తినాలి. గడప దాటి లోపలికి రాకూడదు, ఎవరినీ తాకకూడదు. మంథని నుంచి గోదావరిఖనికి కాపురం మారినప్పుడు ఆండాళమ్మ ఇత్తడి సామాన్లతో పాటు ఈ ఆచారాన్నీ మూటగట్టుకొచ్చింది. చిత్రమేమిటంటే, ఆ ఆచారానికి ఎవరికి ఎక్కడ సడలాలో బాగా తెలుసు. ఇంటిల్లిపాది బట్టలు ఉతకడానికి మైల లేదు. బొగ్గు దుమ్ము పేరుకున్న వాకిలి కడగడానికి మైల లేదు. ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో జువాలజీ పాఠం చెప్పి, అక్కడి హాస్టల్ బాధ్యత కూడా మోసి, జీతం తెచ్చి మొగుడి చేతిలో పెట్టడానికి అసలే లేదు. అన్నం గిన్నె మీద చెయ్యి పడితే మాత్రం ఇల్లు మునిగిపోతుంది.

లోపలి నుంచి దగ్గు వినిపించింది. పొడి దగ్గు. ఆగకుండా.

భర్త రఘురామ్ మొన్ననే పుణె నుంచి వచ్చాడు, మేనల్లుడి ఒడుగు చూసుకుని. రెండు వేల తొమ్మిది, ఆగస్టు నెల. ఏ చానల్ పెట్టినా స్వైన్ ఫ్లూ. ఏ వార్తలో చూసినా పుణె. ఇంట్లో మాత్రం ఆ మాట ఎత్తితే నేరం.

"వానలో తడిసిన జలుబు," అన్నాడు రఘురామ్ కిటికీ దగ్గరకొచ్చి. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. "రేపు పంద్రాగస్టు. మీ కాలేజీకి ప్రిన్సిపాల్ నేను, నేనే పోకుంటే జెండా ఎవరు ఎగరేస్తరు? ముఖ్య అతిథిగ లీడర్ సాబ్ వస్తుండు."

"జెండా ఎవరైనా ఎగరేస్తరు. జ్వరమున్నది మీకు. దవాఖానకు పోదాం. అంతవరకు ముందు గదిల వేరేగ ఉండండి."

ఆండాళమ్మ గయ్యిమంది. "వేరేగనా? నా కొడుకును వేరే కూసోబెడ్తవా? మగపిల్లవాడు, ఇంటికి పెద్ద! ఏం మైల పడ్డడని?"

సంహిత చొక్కాను బండకేసి కొట్టింది. తను ప్రతి నెలా ఏ జబ్బూ లేకుండా, ఏ పాపం చేయకుండా ఆ రేకుల కింద ఉడికిపోతుంది. అది ధర్మం. జ్వరంతో మండిపోయే మనిషిని వేరే గదిలో ఉండమంటే మాత్రం అవమానం!

కాలేజీలోనూ ఇదే వరస. వారం కింద ఆమె కూలర్‌కు గొలుసుతో కట్టిన స్టీలు గ్లాసు తీయించింది. హాస్టల్ పిల్లలంతా ఆ ఒక్క గ్లాసుతోనే తాగేవాళ్లు. జలుబు చేసినవాళ్లకు మేడ మీద గదిలో వేరే పడకలు వేయించింది. దానికి రఘురామ్ స్టాఫ్ రూంలో అందరి ముందూ నవ్వాడు. "మా ఆవిడకు టీవీ చూస్తే చాలు, జబ్బులొస్తయి." అందరూ నవ్వారు. కాలేజీ యజమాని నర్సింగం నవ్వలేదు. "మేడం, పిల్లలను భయపెట్టకుండ్రి. తల్లిదండ్రులు తీస్కపోతే నా హాస్టల్ ఖాళీ అయితది," అన్నాడు.

జెండా కంటే ఆమెను భయపెట్టింది లడ్డూలు. జెండా ఎగిరాక ప్రిన్సిపాల్ స్వయంగా ఒక్కొక్క పిల్ల చేతిలో లడ్డు పెట్టడం ఆ కాలేజీ ఆనవాయితీ. చేతికి చెయ్యి తగులుతూ రెండు వందల మంది. పక్కనే పళ్లెం పట్టుకుని నిలబడేది సంతోషి. శ్రీరాంపూర్ గని కార్మికుడు పోశం కూతురు, ఫైనలియర్. ఆ పిల్లకు ఆయాసం. చలిగాలికే ఎగశ్వాస వచ్చి మందు పంపు నోట్లో పెట్టుకుంటుంది. రఘురామ్ గంటసేపు ఆ పిల్ల ముఖం మీద దగ్గుతాడు.

తెల్లారింది. రఘురామ్ మాత్ర మింగి, తెల్ల లాల్చీ తొడుక్కుని వాకిట్లోకి వచ్చాడు. సంహిత పక్క సందులోంచి చుట్టూ తిరిగొచ్చి గేటు మధ్యలో నిలబడింది. రెండు చేతులూ చాచి రెండు స్తంభాలూ పట్టుకుంది.

"జరుగు."

"జరగను. నన్ను తాకకుండ ఎట్ల పోతరో పొండి."

"అయ్యో, తాకకురా!" ఆండాళమ్మ అరిచింది. "ఏమే, బుద్ధున్నదా? మైల మనిషివి, అడ్డం నిలబడ్తవా?"

సంహిత కదల్లేదు. ఇన్నేళ్లు తన చుట్టూ కట్టిన గోడ. ఇవాళ అది వాళ్లకే అడ్డం పడింది. ఇప్పుడు దాటమను చూద్దాం!

రఘురామ్ గడియారం చూసుకున్నాడు. తల్లి వైపు చూశాడు. ఆండాళమ్మ ఒక్క క్షణం తటపటాయించి, లోపలికి పరుగెత్తి చెంబుతో వచ్చింది.

"అర్జెంటు పని గదా. మగవాడికి దోషం లేదు. పసుపు నీళ్లు చల్లుత, పో నాయనా."

అంతే! రఘురామ్ ఆమె భుజం పట్టి పక్కకు నెట్టేశాడు. వెనక నుంచి నాలుగు చుక్కలు పడ్డాయి. శుద్ధి అయిపోయింది.

సంహిత గేటుకు కొట్టుకుని నిలదొక్కుకుంది. భుజం నొప్పి పెట్టలేదు. లోపలెక్కడో భగ్గుమంది. తనకు రేకుల గది, వేరే కంచం, చీదరింపు. ఆయనకు నాలుగు చుక్కలు! అయితే ఇన్నేళ్లూ తను దేనికి భయపడింది? దేవుడికా? చెంబు పట్టుకున్న ఈ చేతికా?

స్కూటర్ స్టార్ట్ కాలేదు. ఒక తన్ను. రెండో తన్ను. సంహిత సెల్ తీసింది.

"రాజకుమారీ, మైకు దగ్గరనే ఉన్నవా?"

రాజకుమారి ఆటల టీచర్. "ఉన్న మేడం. పిల్లలు లైన్ల నిలబడ్డరు. లీడర్ సాబ్ గూడ వచ్చిండు. సార్ బయలుదేరిండ్రా?"

"ఫోన్ స్పీకర్ల పెట్టి మైకుకు ఆనించు. జల్ది!"

రఘురామ్ తలెత్తాడు. "ఏం చేస్తున్నవ్?"

"నేను సంహిత మేడంను మాట్లాడుతున్న," అంది ఆమె. అవతల మైదానంలో తన గొంతే తిరిగి మోగడం ఫోన్లో వినిపించింది. "ప్రిన్సిపాల్ సార్‌కు జ్వరం, దగ్గు ఉన్నయి. పుణె నుంచి వచ్చిండ్రు. ఆయన నా భర్త, నేను కళ్లారా చూసి చెప్తున్న. ఆయన చేతిలోంచి ఎవ్వరూ ఏదీ తీసుకోవద్దు. జలుబున్నోళ్లు మేడ మీదికి పోండి. సంతోషీ, పళ్లెం కింద పెట్టి నీ గదికి పో బిడ్డా."

మైకు ఒకసారి కీచుమంది. తర్వాత కుర్చీలు జరిగిన చప్పుడు, కారు తలుపు వేసిన చప్పుడు.

"నా పరువు బజార్ల పెట్టినవ్!" రఘురామ్ మీదికొచ్చాడు. అంతలో అతని సెల్ మోగింది. నర్సింగం గొంతు బయటికి వినిపించేంత గట్టిగా ఉంది.

"సారూ, మీరు ఇటు రాకుండ్రి! లీడర్ సాబ్ జెండా ఎగరకముందే కారెక్కిండు. ఇంకోటి, మీ మేడంకు చెప్పుండ్రి. రేపటి సంది ఆమె కాలేజీకి వచ్చే పని లేదు!"

రఘురామ్ స్కూటర్ స్టాండు వేశాడు. వేస్తూనే దగ్గు ముంచుకొచ్చి మెట్ల మీద కూలబడ్డాడు.

మధ్యాహ్నానికి దవాఖాన వాళ్లు ఇంటికొచ్చి అతని గొంతులోంచి శాంపిల్ తీసి హైదరాబాద్ పంపారు. ఒక గదిలో ఉంచండి, ఎవరూ దగ్గరికి పోవద్దన్నారు. సాయంత్రం రాజకుమారి ఫోన్ చేసింది.

"మేడం, సంతోషి బాగనే ఉన్నది. పోశం కాక వచ్చి తీస్కపోయిండు. మేడ మీది జ్వరం పిల్లలనే ఎవరూ ముట్టుకుంటలేరు. నర్సింగం సార్ ఫోన్ ఎత్తుతలేడు. మీరు వస్తరా?"

"నన్ను తీసేసిండు గద."

"ఆయన జువాలజీ మేడంను తీసేసిండు. పిల్లలు అడిగేది మిమ్ములను."

సంహిత రేకుల గదిలోంచి తన సంచీ తీసుకుంది. నాలుగు చీరలు, మాస్కులు, థర్మామీటరు. వాకిట్లోకి వచ్చేసరికి ఆండాళమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, కొడుకు గదికి ఎంత దూరం వీలైతే అంత దూరంలో.

"ఎక్కడికే? వాడు లోపల మూలుగుతున్నడు. నాకు భయమైతున్నది. నువ్వు లోపలికి వచ్చి తడిగుడ్డ వెయ్యి, గంజి కాచి తాగిపియ్యి." గొంతు తగ్గించి, వరమిస్తున్నట్టు అంది. "పర్వాలేదు, రా. నీకు ఇవ్వాళ ఏ దోషం లేదు."

సంహిత చెప్పులు తొడుక్కుంది.

"దగ్గరికి పోకుండ గంజి తలుపు ముందర పెట్టండి. ఆయాసం వస్తే నూట ఎనిమిదికి ఫోన్ చెయ్యండి, నాకూ చెయ్యండి," అంది. గేటు తీసి, ఒక్కసారి వెనక్కి తిరిగింది. "ఇవ్వాళ లేని దోషం నిన్న కూడా లేదు, అత్తమ్మా."