గోడ పక్క గొయ్యి

మొదట అత్తగారి గది తలుపు పట్టేసింది. గడియ పడాలంటే భుజంతో నెట్టాల్సి వచ్చేది. "వానలకి చెక్క ఉబ్బిందిలే" అన్నాడు భర్త, టీ గ్లాసు కింద పెట్టకుండానే. ఆయన సిటీ బస్సు డ్రైవరు. రోడ్డు మీద ఎవరు అడ్డొచ్చినా నోరు చేసుకునే మనిషే గానీ, ఇంట్లో మాత్రం గాలి ఎటు వీస్తే అటు.

చెక్క ఉబ్బితే సరే, గోడ ఎందుకు విచ్చుకుంటోంది? కిటికీ మూల నుంచి కిందికి వెంట్రుకంత సన్నగా మొదలైన పగులులో, కొద్ది రోజులకే కోడలి గోరు దూరింది.

ఆమెను వీధిలో అందరూ టైలరమ్మ అంటారు. ఇంటి ముందున్న ఖాళీ జాగాలో రేకుల కప్పు వేయించి, అద్దాల తలుపు పెట్టించి, కుట్టు మిషను వేసుకుంది. బడి పిల్లల యూనిఫారాల నుంచి పెళ్ళివారి బట్టల దాకా ఆ గదిలోనే తయారవుతాయి. అత్తగారు వెనక గదిలో ఉంటుంది. ఆ గది గోడకి అవతల మరిది జాగా. మామగారు పోయే ముందు అన్నదమ్ములిద్దరికీ చెరో ఇల్లు రాసిచ్చి, మధ్యలో ఉన్న పెరడు చిన్నవాడికిచ్చాడు. ఇప్పుడు ఆ పెరట్లో మరిది ఇల్లు మొదలుపెట్టాడు. ఇల్లని పేరే. అతనికి బజార్లో పైపుల కొట్టుంది. సరుకు పెట్టుకునే చోటు చాలక, కింద నేలమాళిగ తవ్వి గోడౌను చేద్దామని, పైన ఇంకో కొట్టు తెరుద్దామని అతని ఆలోచన.

టైలరమ్మ మెడలో టేపు అలాగే వేసుకుని వెళ్ళి చూసింది. గొయ్యి సరిగ్గా తన ఇంటి గోడని ఒరుసుకుంటూ దిగిపోయింది. పునాది రాళ్ళు పక్కనుంచి బయటపడి, చిగుళ్ళు కరిగిన పళ్ళలా ఉన్నాయి.

"ఏంటయ్యా ఇది? మా గోడ కింద మట్టంతా తోడేశావు! అత్తయ్య గదిలో గోడ పగులుతోంది, తెలుసా?"

"పాత ఇల్లు కదా వదినా, ముసలితనంలో ముడతలు రావా ఏంటి?" అన్నాడు మరిది. కింద కూలీలు నవ్వారు. "నువ్వు బట్టలు కుట్టుకో. గోడల సంగతి నాకొదిలెయ్."

"ఇంత లోతు తవ్వడం నీ ప్లానులో ఉందా? మా గోడకీ నీ గోడకీ మధ్య సందు వదలాలి కదా?"

మరిది మొహంలో నవ్వు ఆరిపోయింది. "సందు వదిలితే నాకు మిగిలేదేముంది? ఇది అన్నదమ్ముల మధ్య విషయం. ఆఫీసుల పేరు మాత్రం ఎత్తకు."

ఆమె ఆఫీసు పేరు ఎత్తనేలేదు. అతను అనేదాకా ఆ ఆలోచన కూడా లేదు.

ఆ రాత్రి భర్తతో చెబితే ఆయన నీళ్ళు నమిలాడు. "తమ్ముడికి తెలీదా? అమ్మ పడుకునే గది అది. వాడు మాత్రం అమ్మకి కాని పని చేస్తాడా?"

"చెయ్యాలని చెయ్యడు. తెలీక చేస్తాడు. గోడ పడ్డాక రెండూ ఒకటే కదండీ?"

ఆయన అటు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు ఆమె గిరాకీలు రాకముందే అద్దాల తలుపుకి తాళం వేసి మున్సిపల్ ఆఫీసుకి వెళ్ళింది. భవన నిర్మాణాల విభాగం మేడ మీద ఉంది. గోడ నిండా ఊరి పటం, వీధివీధికీ ఒక్కో రంగు. బల్ల వెనక ఇన్‌స్పెక్టరు హెల్మెట్ పక్కన పెట్టుకుని కూర్చుంది. వయసులో తనకంటే చిన్నది.

ఇన్‌స్పెక్టరు అంతా విని, కంప్యూటర్లో మరిది ప్లాను తీసి చూసింది. "ఇక్కడ నేలమాళిగే లేదమ్మా. రెండంతస్తుల ఇంటికి మాత్రమే అనుమతి ఉంది. చుట్టూ ఖాళీ చూపించారు. కొట్టు మాటే లేదు. మీ వీధి పటంలో పసుపు, అంటే నివాసాలకే. కొట్లన్నీ ఎరుపు రంగున్న బజారు వీధిలోనే ఉండాలి."

"అయితే వెంటనే ఆపించండి మేడమ్."

"ఆపిస్తాను. కానీ ముందే చెప్తున్నాను, మళ్ళీ నన్ననుకోకండి." ఇన్‌స్పెక్టరు కుర్చీ ముందుకి జరుపుకుంది. "పేరు లేని ఫిర్యాదైతే వరసలో పడుతుంది, ఎప్పటికి చూస్తామో చెప్పలేను. పక్కింటివాళ్ళే ప్రాణాపాయమని సంతకం పెడితే రేపే వస్తాను. వచ్చానంటే రెండిళ్ళూ కొలవాలి. ఒక ఇంటికి కళ్ళు తెరిచి, ఇంకో ఇంటికి మూసుకోలేను. మీ ఇంట్లో ఏమైనా ఉందా?"

టైలరమ్మకి తన కుట్టు గది గుర్తొచ్చింది. ముందు గది ఖాళీగా వదలాల్సిన జాగాలో ఉంది. కుట్టు పనికి అనుమతి లేదు. పైగా బోర్డు కూడా పెట్టింది, వీధి మొదటికి కనబడేంత పెద్దది.

"కొంచెం ఆలోచించుకుని చెప్తాను" అని వరండాలో బల్ల మీద కూర్చుంది. పిల్లలు పుట్టలేదని నలుగురూ నాలుగు మాటలంటున్న రోజుల్లో ఆ గది వేయించుకుంది. అందులో కూర్చుంటే ఆమె ఎవరి కోడలూ కాదు, ఎవరి భార్యా కాదు. ఇంటికి పోదామా అనిపించింది. గోడ ఇంకొన్నాళ్ళు నిలబడొచ్చు. మరిది తొందరగా కాంక్రీటు పోస్తే అసలేమీ కాకపోవచ్చు. అంతలో పగులు పక్కనే వేసున్న మంచం కళ్ళ ముందు మెదిలింది. లేచి లోపలికి వెళ్ళి సంతకం పెట్టింది.

ఇన్‌స్పెక్టరు మాట తప్పలేదు. మర్నాడే స్కూటరు మీద వచ్చింది, గొయ్యిలోకి దిగింది, పునాది చూసి తల పట్టుకుంది. పని ఆపమని నోటీసు అంటించింది. గోడకి దన్నుగా దుంగలు పెట్టి, గొయ్యి అంచున మట్టి తిరిగి నింపమని మరిదికి చెప్పింది. ఆ తర్వాత ఇటు వచ్చి టైలరమ్మ గది కొలిచి, అద్దాల తలుపు మీద కూడా ఓ నోటీసు అంటించింది. గది తీసేయడానికి నెల గడువిచ్చింది.

స్కూటరు మలుపు తిరిగిందో లేదో, ఇల్లు రణరంగమైంది.

"సొంత మరిది మీదా ఫిర్యాదు?" మరిది గుమ్మంలో నిలబడి నిప్పులు చెరిగాడు. "నీ గది మాటేంటి వదినా? అది మాత్రం ప్లానులో ఉందా?"

"లేదు. అందుకే నాకూ నోటీసు వచ్చింది. దాచలేదుగా!"

తోడికోడలు అతని వెనకే నిలబడి ఉంది. ఆమె అరవలేదు. "నువ్వు మునిగితే మునిగావు అక్కా, మమ్మల్ని కూడా లాక్కుపోవాలా?" అంది. అరిచినా అంత నొప్పి పుట్టేది కాదు.

అత్తగారు ఆ పూట కోడలు పెట్టిన కంచం వెనక్కి నెట్టేసింది. "ఇల్లు రెండు ముక్కలు చేశావు. నీ చేతి కూడు నాకొద్దు." గది మారమంటే మారలేదు. మంచం జరపబోతే చేతికర్ర పైకెత్తింది. భర్త మాత్రం ఎవరినీ ఏమీ అనలేదు. దానికే టైలరమ్మకి ఎక్కువ కోపం వచ్చింది.

మరిది దుంగలు పెట్టలేదు, మట్టీ నింపలేదు. ఆదివారం కోసం కాచుకున్నాడు. ఆఫీసుకి సెలవు. ఆ ఒక్క రోజులో ఆ వైపు కాంక్రీటు గోడ పోసేస్తే, పోసిన గోడని ఎవడు పగలగొడతాడని అతని ధీమా. ముందు రోజంతా వాన పడింది. ఆదివారం పొద్దున్నే గొయ్యిలో నీళ్ళు తోడే పంపు బడబడమంటూ మొదలైంది.

టైలరమ్మ పరుగున అత్తగారి గదిలోకి వెళ్ళింది. పగులులో ఇప్పుడు గోరు కాదు, అరచెయ్యే పట్టేలా ఉంది. అవతలి వెలుతురు కనబడుతోంది. వెంటనే ఇన్‌స్పెక్టరుకి ఫోను చేసింది. సెలవు రోజైనా ఆమె ఎత్తింది.

"ముందు ఆ గదిలో మనిషిని బయటికి తీసుకురండి. తర్వాత గొయ్యి ఖాళీ చేయించండి. ఫైర్ స్టేషనుకి చెప్పి నేనూ బయల్దేరుతున్నాను. గదిలోకి మళ్ళీ ఎవరూ వెళ్ళొద్దు."

"అత్తయ్యా, లేవండి. గోడ పడేలా ఉంది."

"నా కొడుకు తవ్విన గొయ్యి నన్ను మింగుతుందా? నీ నాటకాలు నాకు తెలీవా?" ముసలావిడ మంచం పట్టె గట్టిగా పట్టుకుంది.

"ఏమండీ!"

భర్త గుమ్మంలో నిలబడి తల్లినీ భార్యనీ మార్చి మార్చి చూశాడు. అప్పుడే పైనుంచి సున్నం పెచ్చు ఊడి దిండు మీద పడింది. అత్తగారి తలకి జానెడు దూరంలో.

"నోర్ముయ్యమ్మా!" అన్నాడు ఆయన. తల్లి మళ్ళీ నోరు తెరవకముందే అన్నాడు. దుప్పటితో సహా ఆమెను చేతుల మీద ఎత్తుకుని వీధిలోకి నడిచాడు. ముసలావిడ ఆ విస్మయంలో కర్ర కూడా వదిలేసింది.

టైలరమ్మ పెరటి వైపు పరుగెత్తింది. గొయ్యి అంచున తోడికోడలు మొహం పాలిపోయి నిలబడి ఉంది. "వద్దంటే వినడంలేదక్కా. పొద్దుట్నుంచీ చెప్తూనే ఉన్నాను."

కింద మోకాలి లోతు బురదలో మరిది, మేస్త్రీ, ఇద్దరు కూలీలు. గోడ పునాది కింద మట్టి తడిసి ముద్దలు ముద్దలుగా జారుతోంది.

"పైకి రండి! గోడ లోపల పూర్తిగా చీలిపోయింది!"

"నువ్వు ఇంటికి పో వదినా! ఇంకో గంటలో అయిపోతుంది."

టైలరమ్మ చీర కుచ్చిళ్ళు దోపుకుని నిచ్చెన దిగింది. బురదలో దిగబడి, సరిగ్గా ఆ గోడ కిందే నిలబడింది.

"పిచ్చి పట్టిందా నీకు?" మరిది అరిచాడు. "పైకెక్కు!"

"వాళ్ళని పంపు, ఎక్కుతా. పడితే అందరి మీదా పడనీ. నా ఇంటి గోడే కదా."

మరిది నోరు తెరిచేలోపే పునాది నుంచి ఒక రాయి జారి, వాళ్ళిద్దరి మధ్య బురదలో దబ్బున పడింది. మేస్త్రీ చేతిలో పార వదిలేశాడు. "బాబూ, నాకు కూలీ వద్దు, ఏమీ వద్దు" అంటూ నిచ్చెన అందుకున్నాడు. కూలీలిద్దరూ అతని వెనకే ఎక్కారు. మరిది ఆమెను నిచ్చెన వైపు నెట్టాడు. "ఎక్కు, నీ వెనకే వస్తున్నా." ఆమె ఎక్కింది. పైన తోడికోడలు చెయ్యందించి లాగింది. వెనక్కి తిరిగి చూస్తే, మరిది నిచ్చెన దగ్గర లేడు. మూలనున్న పంపుని రెండు చేతులా లాగుతున్నాడు.

"వదిలెయ్యండి దాన్ని!" తోడికోడలు కేక వేసింది.

గోడ ఒక్కసారిగా పడలేదు. కింద నుంచి మెత్తగా కుంగింది. ఆ తర్వాత లారీలోంచి కంకర దించినట్టు బరబరమంటూ గొయ్యిలోకి జారిపోయింది. దుమ్ము లేచి ఏమీ కనబడలేదు. దుమ్ము తగ్గాక, కిటికీ లేని, గోడ లేని గదిలో అత్తగారి మంచం సగం గాల్లోకి వేలాడుతూ కనబడింది. మరిది నడుం దాకా ఇటుకల కింద ఉన్నాడు. మనిషి అరుస్తున్నాడు. టైలరమ్మ జీవితంలో మొదటిసారి అతని అరుపు విని సంతోషించింది.

భర్త గొయ్యిలోకి దూకబోతే, అప్పుడే వచ్చిన ఇన్‌స్పెక్టరు చొక్కా పట్టుకుని ఆపింది. "పైకప్పు ఇంకా వేలాడుతోంది. మీరు దూకితే ఇద్దర్ని తియ్యాలి." ఫైరువాళ్ళు వచ్చి కప్పుకి దన్ను పెట్టి, ఒక్కో ఇటుకా తీసి, అతన్ని బయటికి తెచ్చేదాకా వీధిలో ఎవరూ కదల్లేదు. తోడికోడలు టైలరమ్మ చెయ్యి పట్టుకునే ఉంది. తర్వాత చూసుకుంటే మణికట్టు మీద గోళ్ళ గుర్తులు.

మరిదికి తొడ ఎముక విరిగింది. నడుస్తాడన్నారు, కానీ చాలాకాలం పడుతుందన్నారు. అతని ప్లాను రద్దయింది. గొయ్యి నింపి, గోడ తిరిగి కట్టించాలని ఉత్తర్వులు వచ్చాయి. అత్తగారు పెద్ద కోడలి చేతి అన్నం మళ్ళీ తింటోంది. ఆ గొడవ గురించి మాత్రం ఒక్క మాటా ఎత్తలేదు.

ముందు గదికి మినహాయింపు దొరుకుతుందేమోనని టైలరమ్మకి లోలోపల ఆశ ఉండేది. ఇన్‌స్పెక్టరు చెరో కప్పు టీ అయ్యేదాకా కూర్చుని, మొహమాటం లేకుండా చెప్పింది. "మీరు చేసింది మంచిపనే. కానీ ఖాళీ జాగా ఖాళీగానే ఉండాలి. ఆ రోజు ఫైరువాళ్ళ బండి మీ రేకుల గది అడ్డమై పెరట్లోకి తిరగలేకపోయింది, మీరూ చూశారు." టైలరమ్మ తలదించుకుంది. చూసింది. దన్ను దుంగలు వాళ్ళు భుజాన వేసుకుని మోసుకెళ్ళారు. "ఇంటి లోపల ఒక గదిలో, బోర్డు లేకుండా, ఒక్క మిషనుతో చేసుకుంటే అనుమతి వస్తుంది" అంది ఇన్‌స్పెక్టరు.

"లోపల గదేదీ మేడమ్? ఉన్నదొకటీ ఇప్పుడు అత్తగారికే. ఆవిడ గది కూలిపోయిందిగా."

రేకులు విప్పిన రోజున తోడికోడలు పిలవకుండానే వచ్చింది. అద్దాల తలుపు ఓ వైపు పట్టుకుంది. పని సగమయ్యాక, చెమట తుడుచుకుంటూ అంది: "మా ముందు గది ఖాళీగానే ఉంటోందక్కా. ఆయన మంచం వెనక గదిలోకి మార్చాం. అక్కడే మనిద్దరం కలిసి చేసుకుందాం. నాకు కాజాలు కుట్టడం నేర్పించు. అనుమతి నా పేరున అడుగుతా."

"మీ ఆయన ఒప్పుకోవాలిగా?"

"ఇప్పుడాయన లేచి నిలబడి కాదనలేడులే" అంది. ఇద్దరికీ నవ్వొచ్చింది. వెంటనే ఆపుకున్నారు.

అనుమతి వచ్చాక మిషనుని ఇద్దరూ చెరోవైపు పట్టుకుని తీసుకెళ్ళారు. వెనక గదిలో మంచం మీదున్న మరిది అలికిడికి తలెత్తి వదినని చూశాడు. ఆమె పలకరిస్తుందేమోనని చూశాడో, వెళ్ళిపోతుందేమోనని చూశాడో తెలీదు. మొహం అటు తిప్పుకున్నాడు. ఆమె మిషను కిటికీ వెలుతురు పడే చోట దించి, దారం ఎక్కించడం తోడికోడలికి చూపించసాగింది.