వేళ్లకు పట్టిన గుడ్లు

బకెట్ పట్టుకుని పెరట్లోకి వచ్చిన కోడలికి గుండె ఆగినంత పనైంది. పొద్దున పచ్చగా నిండి ఉన్న సిమెంటు తొట్టె ఇప్పుడు అద్దంలా మెరుస్తోంది. బంగారు చేపలు హాయిగా తిరుగుతున్నాయి. గుర్రపుడెక్క ఒక్క ఆకు కూడా లేదు.

“అత్తమ్మా, చెట్లేవీ?”

“తీసి కాలవలో పడేశా. వారం వారం తొట్టె కడిగిన చెత్త అక్కడికేగా పోయేది! ఊదాపూలు ముచ్చటగా ఉన్నాయని తెచ్చావు, అది తొట్టెనంతా మింగేసింది. చేపలకి ఊపిరాడొద్దూ?”

“అయ్యో, వాటి వేళ్లకి గుడ్లున్నాయి!”

అత్తగారి చేతిలోంచి చీపురు జారిపోయింది. ఆ గుడ్ల కోసం ఇంటిల్లిపాదీ కళ్లు కాయలు కాసేలా ఎదురుచూస్తున్నారు. రంగుచేపలు కొనే దుకాణాలవాళ్లు ఆమె కొడుకుని ‘బ్రహ్మచారి చేపల ఓనరు’ అని ఆటపట్టిస్తున్నారు కూడా. తీరా ఈ పొద్దున, నీళ్లలో జడల్లా వేలాడే ఆ నల్లటి వేళ్ల నిండా తేనెరంగు చుక్కలు! పెద్ద చేపలు తమ గుడ్లను తామే తినేస్తాయి. అందుకే చెట్లను వేరే తొట్టెలోకి మార్చాలని కోడలు బకెట్ కోసం లోపలికి వెళ్లింది. అంతలో చంటివాడు లేచి పాలకు ఏడ్చాడు. వాడికి పాలిచ్చి వచ్చేలోగా కొంప మునిగింది.

“ఇంకా కాలవ దాటి చెరువులో పడి ఉండవు, పద!” అంది అత్తగారు.

చంటివాణ్ణి చంకనేసుకుని, బకెట్ ఊపుకుంటూ కోడలు పరుగెత్తింది. చెప్పులు చేత్తో పట్టుకుని అత్తగారు వెనకే.

“ఏంటమ్మా, అత్తాకోడళ్లకి పరుగుపందెమా?” అన్నాడు సైకిళ్లు బాగుచేసే అతను.

“పందెమే! అడ్డు లేవయ్యా!” అంది అత్తగారు.

కాలవ చెరువులో కలిసే చోట ఇనప జాలీ ఉంది. చెట్లన్నీ దానికి తట్టుకుని గుంపుగా ఆగిపోయాయి. కోడలు ఒకదాన్ని తిరగేసింది.

“ఉన్నాయత్తమ్మా! అంటుకునే ఉన్నాయి!”

చంటివాణ్ణి అత్తగారికిచ్చి, పసిపిల్లల్ని ఎత్తినట్టు ఒక్కో చెట్టునీ ఎత్తి నీళ్ల బకెట్లోకి దించింది. ఆఖరిది మాత్రం చేతికి అందినట్టే అయి, జాలీ సందులోంచి జారి, పువ్వు ఊపుకుంటూ చెరువులోకి వెళ్లిపోయింది.

“పోన్లేవే, బకెట్ నిండా ఉన్నాయిగా గుడ్లు.”

“గుడ్ల కోసం కాదత్తమ్మా. నేను కొనుక్కొచ్చిందీ ఒక్క మొక్కే. మన తొట్టె ఏమైందో చూశారుగా. ఇక చెరువంటే...”

అత్తగారు చెరువు వైపు ఒకసారి, నిండిపోయిన బకెట్ వైపు ఒకసారి చూసింది. చంటివాణ్ణి కోడలి చేతుల్లో పెట్టేసింది.

“పడేసింది నేను. నేనే తెస్తా.”

“అత్తమ్మా, లోతు! జాగ్రత్త!”

నడుం లోతు దాకా దిగింది. బురదలో కాలు జారింది. కోడలు కెవ్వుమంది. చంటివాడు కేరింతలు కొట్టాడు. నీళ్లోడుతూ లేచిన అత్తగారు మొక్కను జెండాలా పైకెత్తింది.

“దీనిక్కూడా ఉన్నాయే గుడ్లు!”

ఇంటికొచ్చేసరికి కొడుకు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. సంగతి విని, నోరు తెరిచి, ఆత్రంగా బకెట్లో చెయ్యి పెట్టబోయాడు. తల్లి ఆ చేతిమీద ఒక్కటేసింది.

“ముట్టుకున్నావంటే ఊరుకోను! చేపపిల్లలు బయటికొచ్చాక ఈ మొక్కల్ని ఎండలో పడేసి, మాడ్చి, నేనే తగలబెడతా. అందాకా ఇవి నాకు కోడలికన్నా ఎక్కువ.”

“ఎక్కువే అత్తమ్మా, ఎక్కువే!” అని పగలబడి నవ్వుతూ కోడలు కొత్త తొట్టెలో నీళ్లు నింపసాగింది.