చందమామ చీటీ

పిల్లలకు సెలవులిచ్చారు గానీ టీచర్లకు ఇవ్వలేదు. వచ్చే ఏడాది మూడు, నాలుగు, ఐదు తరగతుల సైన్సులో ఏ పాఠం ఏ నెలలో చెప్పాలో మూడు రోజుల్లో తేల్చాలని హెడ్‌మాస్టరు పట్టుబట్టి ముగ్గురిని స్టాఫ్ రూములో కూర్చోబెట్టాడు. ఐదో తరగతికి సైన్సు కూడా చెప్పే లెక్కల మాస్టారు, రెండేళ్ల కిందట చేరిన నాలుగో తరగతి చిన్న టీచరు, మూడో తరగతి టీచరు.

ఈ మూడో తరగతి టీచరును బడంతా చందమామ టీచరనే పిలుస్తుంది. చందమామ రోజురోజుకూ ఎందుకు తరుగుతుందో చూపించడానికి కిటికీలు మూసి, బల్ల మీద సూర్యుడిలా దీపం పెట్టి, పెద్ద బంతి భూమి, చిన్న బంతి చందమామ అంటూ తిప్పుతుంది. పెద్ద బంతి నీడ చిన్న బంతి మీద పడి, అది కాస్త కాస్తగా తరిగిపోతుంటే పిల్లలు ఊపిరి బిగబట్టి చూస్తారు. ఇరవై నాలుగేళ్లుగా ఇదే పాఠం. మీసాలొచ్చిన పాత శిష్యులు బజారులో ఎదురుపడి, మిగతావన్నీ మర్చిపోయాం గానీ మీ చందమామను మర్చిపోలేదు టీచర్ అంటారు. ఆ ఒక్క మాటతో ఆమెకు వారం రోజులు కడుపు నిండుతుంది. జీతం పెరగకపోయినా, మోకాళ్లు నొప్పులు పెట్టినా ఆమె సర్దుకుంటుంది. ఆ పాఠం మాత్రం ఎవరికీ ఇవ్వదు.

స్టాఫ్ రూము గోడ మీద పెద్ద చార్టు కట్టారు. పైన నెలలు, పక్కన తరగతులు. పాఠానికో చీటీ రాసి గుండుసూదితో గుచ్చారు. ఎవరైనా ఏ చీటీనైనా జరపొచ్చు, కానీ జరిపినవాళ్లు దాని వెనక పెన్సిలుతో సంతకం చేయాలి. హెడ్‌మాస్టరు సొంతంగా కనిపెట్టిన పద్ధతి ఇది. ఆయన దాన్ని చూసుకుని తెగ మురిసిపోయాడు.

మొదటి రోజు టీ తాగి వచ్చేసరికి చందమామ చీటీ మూడో తరగతి వరసలో లేదు. నాలుగో తరగతి వరసలో కూర్చుని ఉంది. తిప్పి చూస్తే వెనక సంతకం లేదు. ఆమె కిక్కురుమనకుండా చీటీని మళ్లీ తన వరసలో గుచ్చింది. ఇంటికెళ్లి మొగుడికి చెబితే, సూది ఊడిందేమోలే అన్నాడాయన. ఊడిన చీటీ కింద పడుతుంది గానీ నడుచుకుంటూ వెళ్లి పక్క వరసలో గుచ్చుకోదు కదా అని ఆయన మీద ఇంతెత్తున లేచింది.

రెండో రోజూ అదే జరిగింది. ఇక ఆమె కంటికి అందరూ దొంగల్లాగే కనిపించారు. హెడ్‌మాస్టరు ఊరికే దగ్గితే అందులో ఏదో సైగ వినిపించింది. లెక్కల మాస్టారును కాసేపు అనుమానించింది గానీ, పక్కనున్న నీళ్ల గ్లాసు అందుకోవడానికే బద్ధకించే మనిషి లేచి గోడ దాకా వెళ్తాడని నమ్మలేకపోయింది. మిగిలింది చిన్న టీచరు. తలొంచుకుని రాసుకోవడం, అడగకుండానే తన కుర్చీని ఫ్యాను కిందికి జరపడం, టీలో చక్కెర తగ్గించమంటారా అని ఆరా తీయడం, ఇవన్నీ పైపై నాటకాలేనని తేల్చేసుకుంది. పైగా ఆ పిల్ల, తను ఈ పాఠం మొదలుపెట్టిన ఏడాదే తన క్లాసులో చదివింది. తన దగ్గర అక్షరాలు దిద్దినది తన పాఠానికే ఎసరు పెడుతోందనేసరికి ఆమెకు ఒళ్లు మండిపోయింది.

మూడో రోజు టీ వేళకు అందరితో పాటు బయటికి నడిచి, పక్క తలుపులోంచి వెనక్కి వచ్చి అట్లాసుల బీరువా వెనక నక్కింది. యాభై రెండేళ్ల వయసులో ఈ దాగుడుమూతలేమిటని తనకే సిగ్గేసింది. అయినా కదల్లేదు. చిన్న టీచరు ఒక్కతే లోపలికి వచ్చి, సూది తీసి చీటీ చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడింది. వెనక పెన్సిలు ఆనించింది. సంతకం చేయకుండానే తీసేసి, నాలుగో తరగతి వరసలో గుచ్చింది. చందమామ టీచరు బీరువా చాటునుంచి బయటికొచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

ఆ తర్వాత పంచాయితీ హెడ్‌మాస్టరు ముందే జరిగింది. పేరు కావాలంటే సొంతంగా సంపాదించుకోవాలి గానీ ఒకరి పాఠం ఎత్తుకుపోతారా అని చందమామ టీచరు కడిగిపారేసింది. చిన్నపిల్లలకు కష్టమని జరిపానని మాత్రమే చెప్పింది చిన్న టీచరు. ఆ క్లాసంటే చెవులు కోసుకునే పిల్లలకు కష్టమేమిటమ్మా అని లెక్కల మాస్టారు నవ్వాడు. సంతకం లేకుండా జరపడమంటే తన పద్ధతినే వెక్కిరించడమని హెడ్‌మాస్టరు నొచ్చుకున్నాడు. చిన్న టీచరును ఈ పనినుంచి తప్పించి పైవాళ్లకు కాగితం రాస్తానని తన గదిలోకి వెళ్లిపోయాడు.

గెలిచిన మనిషి హాయిగా కూర్చోవాలి. చందమామ టీచరుకు కుదురు లేదు. పేరు కోసం చేసిందైతే సంతకం చేసి దర్జాగా అడగొచ్చు కదా, ఇంత తిట్టించుకుని కూడా నోరు విప్పదేమిటి, దీని వెనక ఇంకేదో ఉందని మళ్లీ అనుమానం. తాడో పేడో తేల్చుకుందామని వరండాలోకి వెళ్లింది. చిన్న టీచరు స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది.

"నిజం చెప్పు. ఎందుకు చేశావు?"

చిన్న టీచరు ఆకాశం వైపు చెయ్యి చూపించింది. సాయంత్రం నాలుగవుతోంది. పడమటి వైపు ఎండ ఇంకా కళ్లలో పడుతోంది. తూర్పు వైపు మేడల పైన, తెల్లగా, సగం చందమామ.

"సూర్యుడూ పైనే ఉన్నాడు, చందమామా పైనే ఉంది. భూమి మన కాళ్ల కింద ఉంది. దీని నీడ అక్కడికి ఎలా వెళ్తుంది టీచర్?"

ఇందులో ఏదో మెలిక ఉందని చందమామ టీచరు అటు చూసింది, ఇటు చూసింది, తన చెప్పుల కిందికి చూసింది. మెలిక కనిపించలేదు. చందమామలో సూర్యుడి వైపున్న సగమే వెలుగుతోంది.

"నీడ పడేది గ్రహణం రోజునే టీచర్. మామూలు రోజుల్లో సూర్యుడి వైపున్న సగం వెలుగుతుంది, దాన్ని మనం ఒక్కో రోజు ఒక్కో పక్కనుంచి చూస్తాం. అంతే."

చందమామ టీచరు మళ్లీ ఆకాశం కేసి చూసింది. ఇరవై నాలుగేళ్లు ఈ చందమామ పగటిపూట ఇలా వచ్చి పోతూనే ఉండి ఉంటుంది. ఆమె కిటికీలు మూసుకుని పాఠం చెప్పింది.

"నీకెప్పుడు తెలిసింది?"

"ట్రైనింగ్ కాలేజీలో. లేచి మీరు చెప్పినట్టే చెప్పాను. క్లాసంతా నవ్వింది."

"ఎవరు చెప్పారని అడగలేదా?"

"అడిగారు. ఏదో పుస్తకంలో చదివానన్నాను."

మరి నాతో ఒక్క మాట అనొచ్చు కదా అంది చందమామ టీచరు. రెండేళ్లుగా చెప్పాలని వచ్చి వెనక్కి పోతున్నానంది ఆ పిల్ల. నాలుగో తరగతిలో తను సరిచేసి చెబితే పిల్లలు ఒప్పుకోవడం లేదట. చందమామ టీచరు అలా చెప్పలేదని తననే దబాయిస్తున్నారట. అందుకే పాఠాన్ని నా తరగతికి లాక్కుంటే మీ మాట పోకుండా ఉంటుందనుకున్నాను, సంతకం పెడితే ఎందుకని అందరూ అడుగుతారు కదా అంది.

ఇద్దరూ స్టాఫ్ రూములోకి వచ్చేసరికి హెడ్‌మాస్టరు కాగితం రాసి తెచ్చాడు. కింద సంతకం చేయమని చందమామ టీచరు ముందు పెట్టాడు. సంతకం చేస్తే ఎవరికీ ఏమీ తెలియదు. బజారులో శిష్యులు అలాగే పలకరిస్తారు.

ఆమె కాగితాన్ని మడిచి ఆయన చేతిలోనే పెట్టింది.

"ఆ పాఠం నాలుగో తరగతిలోనే ఉండనివ్వండి సార్. నేను తప్పు చెప్తున్నాను."

"మీరా? ఎప్పటినుంచి?" అన్నాడు హెడ్‌మాస్టరు.

"ఇరవై నాలుగేళ్ల నుంచి. మొదట ఈ అమ్మాయికే చెప్పాను."